ఇల్లు చల్లగా ఉన్నందుకు పెట్టిన కేసు

పొన్నమెరక కాలనీ,
రాజోలు తాలూకా.
తేది: 22-05-2003, గురువారం.

డివిజనల్ ఇంజనీరు గారి సముఖమునకు,

పొన్నమెరక కాలనీ ఇంటి నంబరు 27 కాపురస్థుడు, కీ.శే. గుత్తుల కొండలరావు కుమారుడు, పీచు ఫ్యాక్టరీ కార్మికుడు, గుత్తుల దుర్గేష్, వయస్సు 24 సంవత్సరములు, వ్రాసి దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇల్లు చల్లగా ఉన్న కారణముగా నాపై పెట్టిన కరెంటు దొంగతనం కేసు రద్దు చేయుట, పట్టుకెళ్ళిన మీటరు తిరిగి బిగించుట, మరియు వచ్చే సోమవారం మా ఇంటి కప్పు పీకుటకు ఇచ్చిన నోటీసు ఆపుట గురించి.

ఇది మూడవ అర్జీ. మొదటిది మీ కింది ఆఫీసు బయట కూర్చునే రాతగాడి చేత మర్యాదగా రాయించాను. దానికి జవాబు లేదు. రెండవది కొంచెం మర్యాద తగ్గించి రాయించాను. దానికీ లేదు. ఇది నేనే రాస్తున్నాను. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకోండి, అర్థం మాత్రం మార్చకండి.

1. మనవి చేయునది ఏమనగా, 1996 నవంబరు తుఫానులో మా తాటాకు ఇల్లు పోయినది. ప్రభుత్వం వారు కాలనీలో శ్లాబు ఇల్లు ఇచ్చినారు. ఒక గది, ఒక వసారా, పడమటి గోడకి ఒక కిటికీ. గాలివానకి ఎగరదు, అందుకు కృతజ్ఞుడను. కాని సదరు శ్లాబు చెయ్యెత్తితే అందేంత దిగువన ఉన్నది. ఎండాకాలం పగలంతా తాగిన వేడిని పొద్దుపోయాక మా మీద కక్కుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే తిప్పి మొహాన కొడుతుంది. తాటాకు ఇంట్లో మాకు ఫ్యాను లేదు, కావాలని ఎవరూ అడగలేదు. శ్లాబు ఇంటికి వచ్చాక రెండు ఫ్యాన్లు, రాత్రీ పగలూ. కిందటేడు ఏప్రిల్ నెలలో 112 యూనిట్లు కాలినవి. పదడుగుల గదికి.

2. కిందటేడు మే నెల 11వ తేదీన మా నాన్నగారు చనిపోయారు. ఆయన కొబ్బరి దింపు తీసే మనిషి. ముప్ఫై ఏళ్ళు చెట్ల మీద ఎండలో ఉన్నా ఆయన్ని ఎండ ఏమీ చేయలేదు. ఆ వారం జ్వరం తగిలి పనికి వెళ్ళలేదు. ఇంట్లో మంచం మీదే ఉన్నారు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రానికి మాట పోయింది. ఆస్పత్రిలో డాక్టరు గారు చూసి వడదెబ్బ అన్నారు.

"ఎండలో బాగా తిరిగేడా అమ్మా?" అని అడిగారు.

"లేదండి. గుమ్మం దాటలేదండి. ఇంట్లోనే ఉన్నారండి" అంది మా అమ్మ లోవమ్మ.

డాక్టరు గారు చీటీ మీద అదే రాశారు.

ఈ రెండో నంబరు పేరాకీ శాఖకీ సంబంధం లేదని మీ గుమాస్తా గారు నా మొదటి అర్జీ పుచ్చుకుంటూనే దీని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టారు. సంబంధం ఉన్నది. నేను ఆ తర్వాత చేసినదంతా దీని వల్లనే చేసినాను. ఈసారి గీత కొట్టేవారు కింద తమ పేరు కూడా రాయవలెనని కోరుతున్నాను.

3. నేను చేసినది ఏమిటో మీ శాఖలో ఎవరూ అడగలేదు. అడగకుండానే కేసు రాశారు. కనుక నేనే చెబుతున్నాను.

మా బావ అంతర్వేది వైపు రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. చెరువు నీళ్ళలో ముంచి వేడి చూసే గాజు గొట్టం ఒకటి ఇచ్చాడు. దాన్ని మా గదిలో మేకుకి వేలాడదీశాను. మధ్యాహ్నం రెండింటికి 41 డిగ్రీలు. చెరువులో 35 దాటితే రొయ్య పిల్లలు తేలిపోతాయని మా బావ అన్నాడు. మేము తేలలేదు గాని, ఆ మాట నా బుర్రలోంచి పోలేదు.

మొదట తడి గోనెలు శ్లాబు మీద పరిచాను. చల్లబడింది గాని శ్లాబు చెమ్మగిల్లి లోపల సున్నం ఊడిపడింది. తర్వాత మా ఫ్యాక్టరీ వెనక కొండలా పడి ఉండే కొబ్బరి పొట్టు సంచుల్లో నింపి పైన పేర్చాను. అది ఇంకా చల్లగా ఉంది. రెండు నెలలకి అందులో కొమ్ము పురుగు పట్టింది. పక్క తోటలో కొబ్బరి మొవ్వు తింటుందని తోట రైతు ఇంటి మీదికి వచ్చేడు. అతని మాట న్యాయమే. సంచులన్నీ మోసి కిందికి దింపాను. మా ఫోర్‌మన్ నన్ను చూసి, "ఏరా దుర్గేషూ, ఇల్లు కట్టుకుంటున్నావా, పాతరేస్తున్నావా?" అన్నాడు. ఊరంతా నవ్వేరు. నవ్వనీ అనుకున్నాను.

మూడోసారి కుదిరింది. శ్లాబు మీద బంక కలిపిన తెల్లసున్నం రెండు పూతలు వేశాను. దాని మీద జానెడు ఎత్తున వెదుళ్ళు నిలబెట్టి, కొబ్బరాకు తడకలు అల్లి కప్పాను. కప్పు శ్లాబుకి తగలకూడదు. ఆ జానెడు సందే అసలు పని చేసేది. ఎండ తడక మీద ఆగిపోతుంది, సందులోంచి సముద్రపు గాలి పోతుంటుంది, శ్లాబు ఎండ మొహం చూడదు. పడమటి గోడకి మూరెడు దూరంలో ఒక దడి కట్టాను. శ్లాబు కింద రెండు పక్కలా ఒక్కొక్క ఇటుక తీసి కన్నాలు పెట్టాను, పైకెక్కిన వేడి గాలి పోవడానికి. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ తలుపులు వేసేస్తాం, చీకటి పడ్డాక బార్లా తీస్తాం. పెద్ద బల్బు తీసి ట్యూబులైటు పెట్టాను. ఒక ఫ్యాను తీసి అమ్మేశాను, రెండోది రాత్రి దోమలకి తిప్పుతాం.

ఈ ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి 34 డిగ్రీలు. నెలకి 31 యూనిట్లు.

4. సదరు 31 యూనిట్లే నా నేరం. తమ శాఖ వారి బిల్లు వెనక "విద్యుత్తును పొదుపు చేయండి" అని అచ్చు వేసి ఉంటుంది. ఆఫీసు ప్రహరీ గోడ మీద కూడా నీలం రంగుతో రాశారు. నేను దాన్ని నమ్మినాను. పొదుపు చేసినవాడి నంబరు మీ మిషనులో అనుమానం కింద పడుతుందని ఆ గోడ మీద ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే ఫ్యాను తిప్పుకునే ఉండేవాణ్ణి.

5. ఇక అసలు సంగతి. ఏప్రిల్ 29వ తేదీ మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి తమ అసిస్టెంటు ఇంజనీరు గారు, లైన్‌మన్ నూకరాజు గారు, మరి ఇద్దరు తనిఖీకి వచ్చేరు. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. ఇంట్లో మా అమ్మ, నిండు చూలాలైన మా అక్క ఉషారాణి మాత్రమే ఉన్నారు. జరిగినది వారిద్దరూ చెప్పినట్టు రాస్తున్నాను.

మీటరు చూశారు. సీలు సరిగానే ఉంది. స్తంభం నుంచి వచ్చే తీగ చూశారు. సరిగానే ఉంది. పక్కింటి అచ్చాయమ్మ గారి ఇంటికి వెళ్ళి బిల్లు అడిగి చూశారు. అదే కాలనీ, అదే శ్లాబు, 96 యూనిట్లు. అప్పుడు ఇంజనీరు గారు మా ఇంటి ముందు ఎండలో నిలబడి లెక్క వేసుకుంటున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మా అమ్మ చూడలేకపోయింది.

"ఎండన పడి ఏం నుంచుంటారు బాబూ. లోపలికి రండి. మజ్జిగిస్తాను."

"వద్దమ్మా, డ్యూటీలో ఉన్నాం."

"డ్యూటీ ఎక్కడికీ పోదండి. వచ్చి నీడ పట్టున కూచోండి."

వచ్చేరు. మజ్జిగ తాగేరు. వెంట తెచ్చుకున్న క్యారేజీ విప్పి భోజనం చేసేరు. మా అమ్మ మామిడికాయ ముక్కలు, పప్పు వడ్డించింది. తర్వాత ఇంజనీరు గారు చాప మీద కాస్త ఒరిగేరు. ఒంటిగంటన్నరకి ఒరిగిన మనిషి రెండూ నలభైకి లేచేరు. గురక కూడా పెట్టేరని మా అక్క చెబుతున్నది. నేను తప్పు పట్టను. చల్లగా ఉంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. దాని కోసమే నేను ఏడాది కష్టపడ్డాను.

లేచి మొహం కడుక్కుని అడిగేరు.

"ఏమ్మా, ఈ ఇల్లు ఇంత చల్లగా ఉందేంటి?"

"ఆయ్, చల్లగా ఉంటాదండి. మా వోడు చేసేడండి."

"ఏం చేసేడు?"

"నాకేం తెలుస్తాదండి. పైన ఏదో పెట్టేడండి."

"పైనంటే? కనపడకుండా పెట్టేడా?"

"కప్పు కిందండి. మీరు చూడాలంటే వంగాలండి."

కొడుకు పనితనం పెద్దమనుషులు మెచ్చుకుంటున్నారని ఆమె అనుకుంది. ఇంజనీరు గారు కాగితం తీసి రాసుకున్నారు. నూకరాజు గారు నిచ్చెన ఎక్కి జానెడు సందులోకి చూశారు. వెదుళ్ళు కట్టిన పీచుతాడుకి చెదలు పట్టకుండా నేను తారు పూశాను. ఆయన కిందికి దిగి, "నల్లగా ఏవో ఉన్నాయండి" అన్నారు. చెయ్యి పెట్టి ముట్టుకోలేదు.

ఆ పంచనామా నకలు నా దగ్గర ఉన్నది. అందులో రాసినది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "గృహములో ప్రవేశించగా అసాధారణమైన చల్లదనము గమనించడమైనది. ఎ.సి. నడుపుచున్నట్లు దృఢమైన అనుమానము. ఎ.సి. కానరాలేదు. తనిఖీ బృందము రాకను గ్రహించి దాచినట్లు భావించడమైనది. గృహస్థుని తల్లి, తన కుమారుడు పైకప్పు క్రింద ఒక అమరిక చేసినట్లు ఒప్పుకొనినది. నల్లని తీగలు కనిపించినవి."

మీటరు విప్పి జీపులో వేసుకుని వెళ్ళిపోయేరు. వెళ్ళేటప్పుడు ఇంజనీరు గారు మా అమ్మకి దణ్ణం పెట్టి, "మజ్జిగ బాగుందమ్మా" అన్నారట. ఇది పంచనామాలో రాయలేదు.

6. సాయంత్రం నేను వచ్చేసరికి మీటరు ఉన్న చోట గోడకి రెండు కన్నాలున్నాయి.

"నువ్వెందుకు పిలిచేవే వాళ్ళని లోపలికి?" అన్నాను.

"ఎండలో నిలబెట్టమంటావేంట్రా మనుషుల్ని?"

"వాళ్ళు మనింటి మీద కేసు రాయడానికి వచ్చేరమ్మా."

"రాయడానికి వస్తే మాత్రం దాహం వెయ్యదా?"

అయ్యా, ఈమెతో వాదించలేక నేను మీతో వాదిస్తున్నాను.

7. ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదవవలెను. ఒక్కసారి కాదు, రెండుసార్లు.

పంచనామాలో నేరం జరుగుతూ ఉండగా పట్టుకున్న సమయం మధ్యాహ్నం 2.50 అని రాశారు. నేను సబ్‌స్టేషనుకి వెళ్ళాను. అక్కడి ఆపరేటరు గారు మంచివారు, నన్ను కూర్చోబెట్టి, కరెంటు పోయినదీ వచ్చినదీ రాసే లాగుబుక్కు చూపించారు. ఆయన పేరు రాయను, రాస్తే ఆయన మీద కూడా ఏదో ఒకటి రాస్తారు. ఏప్రిల్ 29వ తేదీ మా కాలనీకి కరెంటు తెచ్చే ఫీడరు లైనులో మధ్యాహ్నం 12.00 నుంచి 3.10 వరకు సరఫరా లేదు. కోత. తమ శాఖ పెట్టిన కోత. కాలనీ మొత్తానికి ఒక్క బల్బు వెలగలేదు.

ఇంజనీరు గారు నిద్రపోయిన ఆ గంటా పది నిముషాలూ మా ఫ్యాను తిరగలేదు. ఆయన నెత్తిన మూడు రెక్కలూ కదలకుండా వేలాడుతూనే ఉన్నాయి. కరెంటు లేదన్న సంగతి ఆయనకి తెలియను కూడా తెలియలేదు, అంత సుఖంగా ఉంది. లేని కరెంటు నేను ఏ స్తంభం నుంచి దొంగిలించినాను? కనపడని ఎ.సి.ని లేని కరెంటుతో నడిపించగలిగితే నన్ను జైల్లో కాదు, మీ ఆఫీసులో పెట్టుకోవలెను.

పై వాక్యం కోపంలో రాశాను. కొట్టివేయడం లేదు.

8. ఇదంతా చెప్పుకోవడానికి మూడు పూటలు ఫ్యాక్టరీ మానుకుని మీ కింది ఆఫీసుకి వెళ్ళాను. మీ గుమాస్తా గారు ఫైలు తెరవకుండానే అన్నారు:

"ఎ.సి. ఎక్కడ దాచేవో చెప్పెయ్యవయ్యా. కేసు తేలిపోద్ది."

"నేను ఎ.సి. అనేది ఇంతవరకు కళ్ళతో చూడలేదండి."

"చూడకుండా ఎలా దాచేవు?"

పక్క బల్లల వాళ్ళు నవ్వేరు. నేనూ నవ్వి ఉండేవాణ్ణి, వేరేవాళ్ళ ఇల్లయితే.

లాగుబుక్కు సంగతి చెప్పాను. "అది సబ్‌స్టేషను వాళ్ళ రికార్డు, ఇది మా రికార్డు. రెండూ కలపడానికి వీల్లేదు" అన్నారు. సబ్‌స్టేషనూ ఆఫీసూ ఒకే ప్రహరీలో ఉన్నాయి. మధ్యలో ఒక కరివేపాకు మొక్క ఉంది.

9. మీటరు లేకుండా ఇరవై మూడు రోజులుగా ఉన్నాం. కిరసనాయిలు దీపం పెట్టుకుంటున్నాం. దోమతెర కొన్నాను. అది సహించగలం. మే 5వ తేదీన మా అక్కకి ఆడపిల్ల పుట్టింది. పెళ్ళయిన ఆరేళ్ళకి, రెండుసార్లు పోయాక, నిలబడిన బిడ్డ. రెండు కిలోలకి కాస్త తక్కువ. ఆస్పత్రి నర్సమ్మ బిడ్డని చేతికిస్తూ, "వేడి తగలనివ్వకండి, ఈ నెల దాటితే భయం లేదు" అంది. మా బావ వాళ్ళది చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, అక్కడ ఉంచలేమని బిడ్డనీ తల్లినీ మా ఇంటికే తెచ్చుకున్నాం. కరెంటు లేకపోయినా ఆ బిడ్డ పగలు నిద్రపోతున్నది. కప్పు వల్ల.

ఇప్పుడు ఈ నెల 19వ తేదీన నోటీసు ఇచ్చారు. "తీగల తనిఖీకి ఆటంకముగా ఉన్నందున శ్లాబుపై గల ఆకు కప్పును ఏడు దినములలో తొలగించవలెను. లేనియెడల 26వ తేదీన శాఖ సిబ్బందే తొలగించి, సదరు ఖర్చు వసూలు చేయుదురు."

నేను గవర్నమెంటు కాగితాన్ని లెక్కచేయనివాణ్ణి కాను. మర్నాడు పొద్దున్నే సగం కప్పు నేనే తీశాను. తీసిన సగంలో తారు తాళ్ళు తప్ప ఏమీ లేవని అచ్చాయమ్మ గారిని, మరో ఇద్దరిని పిలిచి చూపించాను. వారు వేలిముద్రలు వేసిన కాగితం దీనికి జతపరుస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి గదిలో 39 డిగ్రీలయింది. బిడ్డ ఒళ్ళంతా చెమటకాయలు పేలి ఎర్రబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు రాక, నోరు తెరిచి ఊరికే ఉంది. చప్పుడు లేదు. మా అక్క తడిగుడ్డ పట్టుకుని నా వైపు చూసింది. నాన్న మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆమె అలాగే తడిగుడ్డ పట్టుకుని ఉంది.

మూడింటికల్లా కప్పు మళ్ళీ వేసేశాను. చేతులు కోసుకుపోయాయి. సాయంత్రానికి బిడ్డ పాలు తాగింది.

వచ్చే ఆదివారం నుంచి రోహిణి కార్తె. సోమవారం మీవాళ్ళు నిచ్చెన తెస్తారు. నేను ఫ్యాక్టరీ మానుకుని నిచ్చెన కింద కూర్చుంటాను. కొట్టను, తిట్టను. లేవను. ఇది బెదిరింపు అని రాసుకుంటే రాసుకోండి. బిడ్డకి మేనమామను, ఆ పని నాదే.

10. కావున అయ్యవారు దయవుంచి,

(అ) 26వ తేదీన కప్పు పీకవద్దని ఆ లోపలే కాగితం మీద ఉత్తర్వు ఇప్పించవలెను. మిగతావి ఆలస్యమైనా ఇది ఆలస్యం కాకూడదు.

(ఆ) సబ్‌స్టేషను లాగుబుక్కు, పంచనామా ఒకే బల్ల మీద పెట్టి తమరు స్వయంగా చూడవలెను. రెండు నిముషాల పని.

(ఇ) కేసు కొట్టివేసి మీటరు తిరిగి బిగించవలెను. క్షమాపణ అడగడం లేదు. మీటరు అడుగుతున్నాను.

(ఈ) తీగలున్నాయని ఇంకా అనుమానముంటే, నూకరాజు గారు మళ్ళీ నిచ్చెన ఎక్కి ఈసారి చెయ్యి పెట్టి ముట్టుకోవలెను. షాకు కొడితే ఆ నేరం ఒప్పుకుంటాను.

ఇంకొక మాట. మా కాలనీలో నూట నలభై ఇళ్ళున్నాయి. అన్నిటికీ ఇదే శ్లాబు. నా మీద కేసు పెట్టేదాకా పదకొండు ఇళ్ళవాళ్ళు వచ్చి, మాకూ వేసి పెట్టమని అడిగారు. తడకలు అల్లడం కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ తడకలు గోడలకి ఆనించి ఎండుతున్నాయి. "నీకు జరిగింది చూసేక మాకెందుకురా బాబూ, ఉడికితే ఉడికేం" అంటున్నారు. ఈ పదకొండు ఇళ్ళూ ఈ వేసవిలో అదనంగా కాల్చే కరెంటు ఎంతో తమకే తెలుసు. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు.

ఇదంతా తమ చిత్తమున ఉంచుకొని, సోమవారం రాకముందే న్యాయం చేయవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, దొంగ మాత్రం కానివాడు,
గుత్తుల దుర్గేష్

జతపరచినవి: పంచనామా నకలు, నోటీసు నకలు, పాత బిల్లు, కొత్త బిల్లు, ముగ్గురి వేలిముద్రల కాగితం.

వి.సూ.: అర్జీ అయిపోయింది. కింద రాసేది నా ఇష్టప్రకారం రాస్తున్నది కాదు. మా అమ్మ రాయమంది. రాయనన్నాను. "మనింట్లో అన్నం తిన్న మనుషుల్ని శుభకార్యానికి పిలవకపోతే ఎలాగరా, ఏమనుకుంటారు?" అని ఈ కాగితాలన్నీ తన చాప కింద పెట్టుకుని కూర్చుంది. రాస్తేనే పోస్టుకి ఇస్తుందట. కనుక రాస్తున్నాను.

25వ తేదీ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మా ఇంట్లో మా అక్క కూతురి బారసాల. తమరు, ఇంజనీరు గారు, నూకరాజు గారు, ఆ రోజు వచ్చిన తక్కిన ఇద్దరు, కుటుంబ సమేతంగా రావలెను. గుమాస్తా గారిని కూడా పిలవమంది. భోజనాలు ఒంటిగంటకి. ఆ వేళకి ఫీడరులో కోత ఉంటుంది, మా ఇంట్లో ఎలాగూ కరెంటు లేదు. వచ్చినవాళ్ళకి పడుకోవడానికి చాపలు వేస్తాం.

ఉయ్యాల గది మధ్యలో, శ్లాబు కొక్కేనికి కడుతున్నాం. పేరు పెట్టడం అయ్యాక బిడ్డ నిద్రపోతుంది. చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఆ ఉయ్యాల పక్కన కాసేపు నిలబడండి. మర్నాడు నిచ్చెన పంపాలో వద్దో అక్కడే తేల్చి వెళ్ళండి.